ఆటోపే ఎక్కడ పెట్టుకుంటే మేలు: కార్డులోనా, యూపీఐలోనా, ప్లే స్టోర్‌లోనా?

"సబ్‌స్క్రిప్షన్‌కి కార్డు ఇవ్వనా, యూపీఐ పెట్టనా?" అని ఈ మధ్య ఇంట్లో అడుగుతున్నారు, ఆఫీసులో అడుగుతున్నారు, మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర కూడా అడిగారు. అడిగేవాళ్లలో చాలామంది ఒకసారి దెబ్బ తిన్నవాళ్లే. ట్రయల్ అని నొక్కారు, మర్చిపోయారు, నెలనెలా డబ్బు పోయింది. ఆపుదామంటే దారి దొరకలేదు. ఎందులో క్యాష్‌బ్యాక్ ఎక్కువ, ఏది త్వరగా అయిపోతుంది అన్న లెక్కలు నేను పెద్దగా పట్టించుకోను. నేను చూసేది ఒక్కటే. ఆపే స్విచ్ ఎవరి చేతిలో ఉంది? అమ్మేవాడి దగ్గరా, నా దగ్గరా?

ఈ సంగతి నాకు నాన్న పాస్‌బుక్ వల్ల తెలిసొచ్చింది. ఆయన ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటారు. అలా ఒకరోజు ఇంటికొచ్చి, కళ్లజోడు పైకి జరుపుకుని, ఒక్కో లైను మీద వేలు పెట్టి చూపించారు. "ఒరేయ్, ఈ నూట తొంభై తొమ్మిది ఏంట్రా? ప్రతి నెలా పద్నాలుగో తారీఖున పోతోంది." మొత్తం ఏడు ఎంట్రీలు, అంటే ₹1,393. ఒక్క రూపాయికి వారం రోజుల ట్రయల్ అని ఒక భక్తి పాటల యాప్ పెట్టుకున్నారట. నచ్చక పది రోజులకే తీసేశారు. "యాప్ తీసేశాను కదరా, ఇంకా ఎలా కోస్తారు?" అన్నారు. ఫోన్లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ యాప్ వాళ్లకైతే చెప్పే అవసరమే లేదు.

మళ్లీ యాప్ వేసి, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాం. ప్రొఫైల్, అందులో హెల్ప్, అందులో 'నా ప్లాన్'. అక్కడ పెద్ద బటన్ మీద 'ప్లాన్ మార్చుకోండి' అని ఉంది. దాని కింద లేత బూడిద రంగు అక్షరాల్లో 'రద్దు' అని ఉంది. నాన్న కళ్లకు అది ఆనలేదు, నేను చూపిస్తే గానీ కనపడలేదు. నొక్కితే ఎందుకు వెళ్లిపోతున్నారని ప్రశ్న, తర్వాత సగం ధరకు ఆఫర్, ఆ తర్వాత మెయిల్ రాయమని చిరునామా. ఫోన్ నంబరు ఎక్కడా లేదు. ఇరవై నిమిషాలు గడిచాయి, పని కాలేదు.

అప్పుడు ఆ యాప్‌ను వదిలేసి నాన్న యూపీఐ యాప్ తెరిచాను. ప్రొఫైల్‌లో ఆటోపే అనే చోట ఆ మాండేట్, అంటే నెలనెలా డబ్బు తీసుకోవడానికి నాన్న ఇచ్చిన అనుమతి, ఉంది. రద్దు నొక్కి, యూపీఐ పిన్ కొడితే నిమిషంలో అయిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

యూపీఐ ఆటోపేను, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020 జూలైలో తెచ్చింది. మాండేట్ పెట్టేటప్పుడు పిన్ ఒక్కసారి కొడతాం. తర్వాత ₹15,000 లోపు మొత్తాలు ప్రతిసారీ పిన్ అడగకుండానే పోతాయి. డబ్బు కోసే ముందు మనకు నోటీసు రావాలి. ఆపడానికి అమ్మేవాడి అనుమతి అక్కర్లేదు, అతని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయనక్కర్లేదు. యూపీఐని నేను ఇష్టపడేది ఇందుకే.

అలాగని గుడ్డిగా నమ్మితే కష్టం. పెట్టడం మరీ సులువైపోవడమే దీని అసలు లోపం. రోజూ పాలకు, కూరగాయలకు పిన్ కొట్టే వేలు, మాండేట్ స్క్రీన్ మీద కూడా అదే అలవాటుగా కొట్టేస్తుంది. నాన్న మాండేట్ తెరిచి చూస్తే నాకు గుండె జారింది. ప్లాన్ ₹199 అయినా గరిష్ఠ మొత్తం దగ్గర ₹999 అని ఉంది. ముగింపు తేదీ 2053. రేపు వాళ్లు ధర నాలుగింతలు చేసినా కొత్తగా పిన్ అడగాల్సిన పని లేదు, ₹999 దాకా నాన్న ముందే ఒప్పుకున్నట్టే. ఒక్క రూపాయి ట్రయల్ అని పెద్ద అక్షరాల్లో కనపడే స్క్రీన్ తర్వాత వచ్చే స్క్రీన్ ఇదే. చదవాల్సింది దీన్ని. మొత్తం, ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా అన్న మూడూ అందులోనే ఉంటాయి.

ఇంకో చిక్కు. రెండు మూడు యూపీఐ యాప్‌లు వాడేవాళ్లు, మాండేట్‌ను ఏ యాప్‌లో ఒప్పుకున్నారో ముందు అందులోనే వెతకాలి. ఫోన్‌పేలో పెట్టి గూగుల్ పేలో వెతికి, ఏమీ లేదులే అని ఊరుకున్నవాళ్లను చూశాను.

ఇక కార్డు సంగతి. ఒకప్పుడు కార్డు నంబరు ఒకసారి ఇస్తే ఇక అమ్మేవాడి ఇష్టం. ఆర్‌బీఐ ఈ-మాండేట్ నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాక ఆ పరిస్థితి చాలా మారింది. మొదటిసారి ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్న వివరాలతో బ్యాంకు నోటీసు పంపాలి. ఆ ఒక్కసారికి ఆపుకోవచ్చు, మాండేట్‌నే తీసేయొచ్చు. ఓటీపీ లేకుండా పోయే మొత్తం మొదట ₹5,000 ఉండేది, 2022 జూన్‌లో ₹15,000 చేశారు. కాగితం మీద చూస్తే యూపీఐకి, కార్డుకి ఇంచుమించు ఒకే రక్షణ.

వాడేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. కార్డు నోటీసు ఎస్ఎమ్ఎస్‌గానో మెయిల్‌గానో వస్తుంది, ఆపాలంటే ఫలానా లింకు నొక్కండి అని ఉంటుంది. తెలియని లింకు నొక్కవద్దని పోలీసులు, బ్యాంకులు, పిల్లలు అందరూ మన పెద్దవాళ్లకు రోజూ చెబుతూనే ఉన్నారు. వాళ్లు బుద్ధిగా నొక్కరు, డబ్బు పోతుంది. అసలు నోటీసు కూడా మోసగాళ్ల మెసేజ్‌లాగే కనిపిస్తే మనిషి ఏం చేయాలి? లింకు జోలికి వెళ్లకుండా బ్యాంకు యాప్‌లోకి మనమే వెళ్లి చూడాలి. కానీ ఆ పేజీ ఒక్కో బ్యాంకులో ఒక్కో చోట ఉంటుంది. కొన్ని బ్యాంకులు ఎస్ఐ హబ్ అనే వేరే పోర్టల్‌కు పంపుతాయి, అక్కడ మళ్లీ కార్డు నంబరు, ఓటీపీ. తెలిసినవాళ్లకు ఐదు నిమిషాల పనే, తెలియనివాళ్లకు అదొక టెన్షన్.

కార్డుకు ఒక చోట నేను మార్కులు ఎక్కువ వేస్తాను. క్రెడిట్ కార్డులో తప్పుడు డెబిట్ పడితే డిస్ప్యూట్ వేసే, అంటే ఇది నాది కాదని బ్యాంకుకు అభ్యంతరం చెప్పే దారి ఉంది, పైగా అప్పటికి పోయింది మన ఖాతాలోని డబ్బు కాదు. అదే డెబిట్ కార్డైతే డిస్ప్యూట్ వేయొచ్చు గానీ, అప్పటికే మన ఖాతాలోని డబ్బు పోయి ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్‌కు డెబిట్ కార్డు ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. విదేశీ సైట్లకు కార్డుతో కట్టేవాళ్లు ఇంకో కనపడని ఖర్చు చూసుకోవాలి. ధర డాలర్లలో ఉంటే చాలా కార్డులు ఫారెక్స్ మార్కప్ అని 2 నుంచి 3.5 శాతం వేస్తాయి, దాని మీద జీఎస్టీ. సైట్‌లో చూసిన ధరకూ స్టేట్‌మెంట్‌లో పడిన ధరకూ పొంతన లేదని చాలామంది అనేది దీని గురించే.

ప్లే స్టోర్, యాప్ స్టోర్ ద్వారా కొనడం మూడో దారి. ఒక్క విషయంలో ఇది అన్నిటికన్నా మేలు. ఏ యాప్ అయినా రద్దు బటన్ ఒకే చోట ఉంటుంది, ఒకేలా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లో ఫొటో మీద నొక్కి పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మన పేరు, సబ్‌స్క్రిప్షన్స్. ఐఫోన్‌లో ట్రయల్ ఆపాలంటే అది ముగియడానికి కనీసం 24 గంటల ముందే ఆపాలి, చివరి రోజు దాకా ఉంచకండి. గూగుల్ దగ్గర కొన్న 48 గంటల్లోపు రిఫండ్ అడిగే వీలుంది.

దీని చిక్కంతా మెయిల్ ఐడీతోనే. నాన్న ఫోన్లో మూడు జీమెయిల్ ఖాతాలు ఉన్నాయి. ఒకటి షాపువాడు పెట్టింది, ఒకటి నేను, ఒకటి మా అబ్బాయి గేమ్ కోసం. సబ్‌స్క్రిప్షన్ ఏ ఖాతా మీద ఉందో ఆ ఖాతాలోకి మారితేనే కనపడుతుంది. యూపీఐతో కట్టినా మాండేట్ పేరు గూగుల్ అనే ఉండొచ్చు గానీ యాప్ పేరు ఉండకపోవచ్చు. యాపిల్ కమిషన్ 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది కాబట్టి కొన్ని సేవలు ఐఫోన్ యాప్‌లో వెబ్‌సైట్ కన్నా ఎక్కువ ధర పెడతాయి. కొనేముందు వెబ్‌సైట్‌లో ధర చూడండి.

బ్యాంకు ఖాతా మీద సంతకం పెట్టించుకునే నాచ్ మాండేట్‌ను సబ్‌స్క్రిప్షన్‌కు ఒప్పుకోవద్దు. లోన్‌కు, ఎస్ఐపీకి సరే. ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు బౌన్స్ చార్జీ కూడా వేస్తుంది. పిల్లల ఆన్‌లైన్ కోచింగ్‌కు నెలనెలా ఫీజు అంటూ ఈ సంతకం అడిగితే, "ఇది ఫీజా, లోనా?" అని ఒక్కసారి అడగండి. లోన్ అయితే కోర్సు మానేసినా ఈఎమ్ఐ ఆగదు. మొబైల్ బ్యాలెన్స్‌లోంచి పోయే చిన్నచిన్న సర్వీసులకు 155223 ఉంది, ఫోన్ చేసి తీయించేయండి.

యూపీఐలో మాండేట్ తీసేస్తే డబ్బు పోవడం ఆగుతుంది, ఒప్పందం మాత్రం దానంతట అది ముగిసిపోదు. పాటల యాప్‌కైతే ఇబ్బంది లేదు. జిమ్ లాంటి వాటిలో ఏడాది కట్టాలని సంతకం చేసి ఉంటే బాకీ అడగొచ్చు. అందుకే మాండేట్ తీసేశాక ఒక మెయిల్ కూడా పంపి, ఆ కాపీ ఉంచుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇవన్నీ తమకు పనికొస్తాయని అనుకోవద్దు. అక్కడి కార్డులకు ఆర్‌బీఐ నిబంధనలు వర్తించవు. చేరినంత సులువుగా బయటికి రానివ్వాలని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024 అక్టోబరులో ఒక నిబంధన తెచ్చింది. పూర్తిగా అమల్లోకి రాకముందే 2025 జూలైలో అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సొంత చట్టం ఉంది. మిగతాచోట్ల ముందే రాష్ట్ర చట్టం చూసుకోవాలి.

మన దగ్గర 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే యాప్‌లు, సైట్లు మనల్ని బోల్తా కొట్టించేలా స్క్రీన్లు పెట్టడం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోని 13 రకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. రద్దు బటన్ దాచిపెట్టడమే కాదు, ఉచిత ట్రయల్‌కు పేమెంట్ వివరాలు బలవంతంగా అడగడం కూడా అందులోకే వస్తుంది. అయినా రోజూ జరుగుతూనే ఉంది. ఫిర్యాదు చేస్తే పనవుతుందా అని అడుగుతారు. చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు. స్క్రీన్‌షాట్లు, డెబిట్ తేదీలు దగ్గర పెట్టుకుని చేయండి.

నా మట్టుకు నేను ఇలా పెట్టుకున్నాను. నెలనెలా నిజంగా వాడేవి రెండే, రెండూ ఒకే యూపీఐ యాప్‌లో ఆటోపే మీద ఉన్నాయి. ట్రయల్ చూడాలనిపిస్తే ప్లే స్టోర్ ద్వారానే, మొదలుపెట్టిన రోజే రద్దు నొక్కేస్తాను. అక్కడ రద్దు చేసినా ట్రయల్ గడువు దాకా మామూలుగా నడుస్తుంది. విదేశీ సైట్లకు క్రెడిట్ కార్డు. నాన్నకు మాత్రం ఏ ఆటోపే వద్దన్నాను. ఏడాదికి కావాల్సింది ఒకేసారి కట్టేస్తున్నాం, గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టారు. ఆయన ₹1,393లో రెండు నెలలది, ₹398, ఫిర్యాదు చేసిన మూడు వారాలకు ఖాతాలో పడింది. మిగతా ₹995 కోసం ఇంకా మెయిళ్లు రాస్తూనే ఉన్నాం.