జాలీ బీరువా, మూడు వేల రెండు వందలు

హనుమకొండలో పాత సామాను కొనే, అమ్మే కొట్టు ఒకటి ఉంది. పేరు చెప్పను. మంచితోపాటు చేదు కూడా రాయవలసి ఉంది, ఆ మనిషి పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. పైగా పాత కలప కొట్లన్నీ ఇంచుమించు ఒకే తీరు. మీరు ఏ కొట్టు గడప తొక్కినా ఇందులో సగమైనా పనికొస్తుంది.

నేను వెళ్లింది జాలీ బీరువా కోసం. ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక బ్రెడ్డు చేయడం మొదలుపెట్టాను. ఈస్టు గురించి అన్నేళ్లు బోర్డు మీద బొమ్మలు గీశానే తప్ప దానితో ఒక్క బన్ను పొంగించి ఎరగను, ఆ వెలితి తీర్చుకుందామని. బ్రెడ్డు బాగానే వచ్చేది. ఓవెన్‌లోంచి తీశాకే తంటా. స్టీలు పళ్లెంలో పెడితే ఆవిరి చెమటై అడుగు తడిసిపోయేది. గుడ్డ కప్పితే పైపెంకు మెత్తబడేది. తీగల స్టాండు మీద వదిలేస్తే పావుగంటలో చీమలు బారు కట్టేవి. అప్పుడు మా అమ్మమ్మ ఇంటి వంటగది గుర్తుకొచ్చింది. నాలుగు వైపులా ఇనుప జాలీ, నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు. పాలు, పెరుగు, మిగిలిన కూరలు అన్నీ అందులోనే. గాలి ఆడుతుంది, చీమ ఎక్కదు. బ్రెడ్డుకు కావలసింది కూడా అదే కదా.

కొట్టు చూడముచ్చటగా ఉందని చెప్పలేను. కూలగొట్టిన ఇళ్ల దర్వాజాలు, కోళ్లు ఊడిన మంచాలు, ఏదో ఆఫీసు నంబరు తెల్లరంగుతో రాసి ఉన్న కుర్చీలు, అన్నీ ఒకదాని మీద ఒకటి. పల్లెల్లో పాత పెంకుటిళ్లు తీసేసి స్లాబు వేసుకునే ప్రతి ఒక్కరి సామాను చివరికి ఇక్కడికే వస్తుంది కాబట్టి ఓపిక ఉన్నవాళ్లకు కొట్టు నిజంగా గని. నా బీరువా రెండు సోఫాల వెనక నిలబడి ఉంది. ఛాతీ ఎత్తు. పైన రెండు జాలీ తలుపులు, నడుమ రెండు సొరుగులు, కింద రెండు చెక్క తలుపులు. అయిదు వేల అయిదు వందలు చెప్పాడు.

“అసలైన టేకు మేడమ్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి.”

“కళ్లు తెరిచి చూసే తీసుకుంటానయ్యా, కాస్త వెనక్కి తిప్పించు.”

ఈ ఒక్క మాట అడగడం నేర్చుకోండి. ముందు భాగం ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది, నిజం వెనక చెక్కలోనూ సొరుగు అడుగునా ఉంటుంది. కాలి లోపలి వైపు గోరుతో గీరితే పాలిష్ లేచి, కింద బంగారు ఛాయ గోధుమరంగు చెక్క బయటపడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత తోలు సంచిలాంటి వాసన. టేకే, సందేహం లేదు. అయితే టేకంతా ఒకటి కాదు. చెట్టు నడుమ ఉండే చేవకు పురుగు అంత తొందరగా పట్టదు. బెరడును ఆనుకుని పాలిపోయినట్టు ఉండే రసదారువును మాత్రం హాయిగా తింటుంది. ఈ బీరువాకు మూడు కాళ్లు చేవతోనే చేశారు. నాలుగోది చేసేటప్పుడు వడ్రంగికి చెక్క చాలలేదేమో, ఒక అంచు తెల్లగా ఉంది. ఆ అంచున గుండుసూది తలంత రంధ్రాలు. వేలితో తడితే మైదాపిండిలాంటి పొడి రాలింది. ముందు వైపు రంధ్రాలను మాత్రం లప్పం పెట్టి పూడ్చి, పైన ముదురు పాలిష్ కొట్టేశారు. ఇక లోపలి అరల్లో ఒకటి టేకు కాదు, ప్లైవుడ్డు.

పొడి రాలిన వేలు చూపించాను. మూడు వేల రెండు వందలకు దిగాడు. ఆ ధరకు ఇది మంచి బేరమే, కాదనను. పురుగు సంగతి అడగకముందే చెప్పి ఉంటే ఇంకో అయిదు వందలు సంతోషంగా ఇచ్చేదాన్ని.

వీళ్ల అసలు ఆదాయం ‘ఫినిషింగ్’ మీద. జాలీ తీసేసి అద్దం పెడతారట, గీతలన్నీ కనబడకుండా నిగనిగలాడే పాలిష్ కొడతారట, రెండు వేల అయిదు వందలట. అక్కర్లేదన్నాను. అద్దం పెట్టిన బీరువాలో వేడి బ్రెడ్డు పెడితే అది ఆవిరి గది. ట్రాలీ ఆటోకు నాలుగు వందలు నేనే ఇచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక చూస్తే ఒక సొరుగుకు పిడి లేదు.

పది రోజులు వరండాలో ఉంచి బాగు చేశాను. రంధ్రాల్లోకి పురుగుమందు సిరంజితో ఎక్కించి, ఆ కాలు వరకు ప్లాస్టిక్ కవరు చుట్టి వారం రోజులు వదిలేశాను. తర్వాత గరుకు కాగితం, ముందు 80 నంబరు, తర్వాత 120, చివర 220. ముదురు పాలిష్ కింద ఆకుపచ్చ ఎనామెల్, దాని కింద ఇంకో గోధుమరంగు. మూడు తరాల అభిరుచులు గీకి పారేసినట్టయింది, భుజం మాత్రం రెండు రోజులు పైకి లేవలేదు.

రంగులు మెక్సికో తీరులో వేయాలనుకున్నాను. రంగు దగ్గర మెక్సికో ఎందుకు వచ్చిందని మా వారు అడిగారు. బంతిపువ్వు వల్ల వచ్చింది. బతుకమ్మలో గునుగు, తంగేడు పక్కన అంత హక్కుగా కూర్చునే బంతి మన మొక్క కాదు, మెక్సికో నుంచి వచ్చిందని చెప్తే ప్రతి ఏడూ క్లాసులో ఒక్కరైనా నమ్మేవారు కాదు. అక్కడ నవంబరు మొదట్లో పోయినవారిని తలుచుకునే పండుగకు సమాధుల మీద, ఇళ్లలో పీటల మీద పరిచేది ఈ పువ్వునే. మిరప అక్కడిది, మనం మక్కలు అని పిలుచుకునే గింజ అక్కడిది. అన్ని ఇచ్చిన దేశం నుంచి రెండు రంగులు తెచ్చుకుంటే తప్పేమిటి?

నీలం అయితే కొత్తగా తెచ్చుకోవలసిన పని కూడా లేదు. చిత్రకారిణి ఫ్రీదా కాహ్లో పుట్టి పెరిగిన ఇల్లు, మెక్సికో నగరంలోని కొయొవకాన్‌లో ఉంది, గోడల రంగును బట్టి దాన్ని నీలి ఇల్లు అనే పిలుస్తారు. 1958 నుంచి అది మ్యూజియం. ఫొటోలో ఆ గోడ చూడగానే నాకు సున్నంలో నీలిమందు కలిపి వేసిన మా ఊరి గోడలు, జాజు పూసిన అరుగులు కళ్లముందు కదిలాయి. మామూలు ఎమల్షన్ ఒక గిన్నెకు సుద్దపొడి మూడో వంతు గిన్నె, కాసిని నీళ్లు. పొడిని ముందు నీళ్లలో కలిపి ఆ తర్వాత రంగులో పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. రెండు పూతలకు మెరుపు లేని, సున్నపు గోడలాంటి నీలం వచ్చింది. లోపల చుక్క రంగు వేయలేదు. తినే వస్తువు పెట్టే చోట ఉత్త చెక్కే నయం.

సొరుగుల మీద తలవేరా పలకల్లా గీశాను. మెక్సికోలోని ప్వెబ్లా పట్టణంలో కాల్చిన మట్టికి తెల్లటి తగరపు మెరుగు పూసి, దాని మీద చేత్తో గీసే పని అది. నీలం, పసుపు, నలుపు, ఆకుపచ్చ, నారింజ, లేత ఊదా, ఈ ఆరు రంగులే వాడతారు. 2019లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. నా మొదటి ప్రయత్నం పాడైంది. స్కేలుతో కొలిచి, సన్నని కుంచెతో, ఎక్కడా తేడా రాకుండా గీస్తే బహుమతి పొట్లం మీది కాగితంలా తయారైంది. తుడిచేసి, కుంచె మార్చి, నీలాన్ని కాస్త చిక్కగా, గీత ఉబ్బెత్తుగా నిలిచేలా మళ్లీ వేశాను. పట్టు దొరికింది. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల అంబలితో గుడ్డను సిద్ధం చేసుకుని ఒక్క ఊపున గీసే గీత ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది.

కింది చెక్క తలుపులకు రేకు. మెక్సికోలో తగరపు రేకు మీద మేకుతో చుక్కలు కొట్టి అద్దాల చట్రాలు, దీపాలు చేస్తారు, ఓహలాత అంటారు. వరంగల్‌లో రేకు పెట్టెలు చేసే ఒక పెద్దాయన దగ్గరికి బంతిపువ్వు గీసిన కాగితం తీసుకెళ్లాను. “ఇది పెట్టె మూత మీదికా అమ్మా?” అని అడిగి, కాగితం రేకు మీద అంటించి, కింద ఇసుక సంచి పెట్టుకుని అరగంటలో చుక్కలన్నీ కొట్టేశాడు. రెండు రేకులకు మూడు వందలు. ఈ మొత్తం వ్యవహారంలో అయిదుకు అయిదు మార్కులు వేయదలిస్తే ఆయనకే వేస్తాను.

ఇప్పుడు అసలు పరీక్ష. గోధుమ మెక్సికోకు స్పెయిన్‌వాళ్లతో 16వ శతాబ్దంలో వెళ్లింది, అంతకుముందు వాళ్లది మక్కరొట్టే. కానీ గోధుమ దొరికాక బన్నుల్లో వాళ్లు చూపించిన నేర్పు చూడాలి. కోంచా అని ఒకటి ఉంది, అంటే గవ్వ చిప్ప. మెత్తటి తీపి బన్ను మీద మైదా, చక్కెర పొడి, వెన్న సమానంగా కలిపిన ముద్దను అప్పడంలా పరిచి, కత్తితో చిప్ప గీతలు పెడతారు. బన్ను పొంగుతుంటే ఆ గీతలు విచ్చుకుంటాయి. ఓవెన్ అద్దంలోంచి అది చూడటానికి నేను నేల మీద పీట వేసుకుని కూర్చుంటాను.

మేలో ఇక్కడ 43 డిగ్రీలు. గంటన్నరలో పొంగాలని పుస్తకాలు చెప్పే పిండి నలభై నిమిషాల్లో గిన్నె అంచు దాటి పుల్లటి వాసన వేస్తుంది. అరకిలో మైదాకు ఏడు గ్రాముల ఈస్టు అని రాసి ఉంటే నేను నాలుగే వేస్తాను, ఫ్రిజ్ నీళ్లతో కలుపుతాను. బొలీయో అనే తీపి లేని మెక్సికో బన్నుల పిండిలో చెంచాడు చపాట మిరపపొడి కూడా వేస్తాను. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిరప. కారం తక్కువ, ఎరుపు దండిగా. బన్ను కోస్తే లోపల జాజు పూసినట్టుంటుంది. మా వారు దాన్ని మామిడికాయ తొక్కుతో తింటారు, నేను అడ్డు చెప్పడం మానేశాను.

సాయంత్రం ఏడింటికి తీసిన బొలీయోలను జాలీ వెనక పెట్టాను. కాసేపటికి పైపెంకు చల్లబడుతూ చిటపటమంది, సన్నని పగుళ్లు పడ్డాయి. ఎనిమిదింటికి అడుగు తడిమి చూస్తే పొడిగా ఉంది. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, గిన్నెల బయట తిరుగుతున్న చీమలు. వానాకాలంలో మాత్రం ఇంత బాగా పనిచేయదు. ఆగస్టు ముసురులో జాలీలోంచి గాలితోపాటు తేమ కూడా వస్తుంది, రాత్రికల్లా పెంకు తోలులా సాగుతుంది. ఆ రోజుల్లో బీరువాను నమ్ముకోకుండా వేడి తగ్గగానే తినేయాలి. నీళ్ల గిన్నెలు కూడా రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమల పెంపకం.

మొత్తం ఖర్చు రంగులు, మందు, రేకులతో కలిపి అయిదు వేల లోపే. కొట్టులో కలపకు నాలుగు మార్కులు, మాటకు రెండు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, వెలుగు ఉండగా రంధ్రాలు కనబడతాయి. సొరుగులన్నీ లాగి చూసి, పిడులు లెక్కపెట్టుకున్నాకే డబ్బు ఇవ్వండి.

నా పిడి గురించి మొన్న మళ్లీ అడిగాను. “ఆదివారం రండి మేడమ్, తీసి పెడతాను” అన్నాడు. ఆదివారం వెళ్లాను. కొట్టుకు ఆదివారం సెలవు.