గుత్తి: కోట ఎక్కే ముందు దొరల సమాధులు

గుత్తికి వెళ్లేవారిలో నూటికి తొంభై మంది కోట కోసమే వెళ్తారు. కొండ కింద, దారి మొదట్లో ఉన్న ఇంగ్లీషు దొరల సమాధులను చూసీ చూడనట్టు దాటిపోతారు. నా మటుకు ఆ ఊళ్లో ముందుగా ఆగవలసిన చోటు అదే.

సర్ థామస్ మన్రోను మొదట పూడ్చింది ఇక్కడే. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల (నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన రాయలసీమ ప్రాంతం) కలెక్టరుగా ఉండి, రైతు దగ్గరే నేరుగా పన్ను వసూలు చేసే రైతువారీ శిస్తుకు ఈ సీమలో పునాది వేసినవాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశానికి వెళ్లిపోయే ముందు తాను తిరిగిన పల్లెలను మరోసారి చూడాలని బయలుదేరి, పత్తికొండ మకాములో కలరా సోకి 1827 జులై 6న కన్నుమూశాడు. శవాన్ని గుత్తికి తెచ్చారు. 1831లో అస్థికలను తవ్వి తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం తోట వేసి బావి కట్టించారు, గుత్తిలో సత్రం వెలసింది. శిస్తు వేసిన దొర పేరును పిల్లలకు పెట్టుకున్న సీమ ఇది!

సమాధుల మధ్య ముళ్ల కంప బాగా పెరిగింది. గచ్చు పెచ్చులూడిన చోట ఇటుకలు బయటపడ్డాయి. కొన్ని ఫలకాల మీది అక్షరాలను పక్కనుంచి వెలుతురు పడితేనే చదవగలం. అందుకే పొద్దున్నే వెళ్లాలి. బూట్లు తప్పనిసరి, చెప్పులతో కుదరదు.

కోట సంగతి క్లుప్తంగా. ఎక్కడానికి ఓపిక కావాలి, నీళ్లు మీరే మోసుకెళ్లాలి. పైన కొండ అంచున, గుత్తినేలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం దగ్గర గాలికే శ్రమ తీరిపోతుంది. 1776లో మైసూరు హైదరలీకి ఈ కోట దక్కిందంటే నమ్మబుద్ధి కాదు, అంత నిటారు కొండ.

బస విషయంలో ఆశ పెట్టుకోవద్దు. నేను దిగిన లాడ్జిలో వేడినీళ్లు అడిగితే బకెట్ చేతికిచ్చి వంటగది చూపించారు. కుటుంబంతో వస్తే అనంతపురంలో దిగి, బస్సులో వచ్చి పోవడం మేలు. రైల్లో వచ్చేవారికి ఒక మాట: స్టేషను ఊరికి దూరం, ఆటో ఎక్కే ముందే బేరం తేల్చుకోండి. తిండికి మాత్రం వంక పెట్టలేం. బస్టాండు దగ్గర వేడి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని కొండెక్కితే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు.