పెట్టెల లెక్కన పుల్ల ఐసులు కొనేవాళ్లు కాస్త చూసుకోండి

మొన్న మా బాబు పుట్టినరోజుకి విజయవాడలో ఒక హోల్‌సేల్ కొట్టులో మామిడి పుల్ల ఐసుల పెట్టె కొన్నాం. ఇంటికొచ్చి కవరు చింపితే పుల్ల ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. పై సగం తెల్లటి గడ్డ, రుచీ పచీ లేదు. రంగూ తీపీ అంతా అడుగుకి దిగి కవరుకి జిగటగా అంటుకుంది. ఒకటి కాదు, పెట్టెలో సగానికి పైగా అంతే.

ఇది కరిగిపోయాక మళ్లీ గడ్డకట్టించిన సరుకు. కరిగితే పాకం బరువుకి కిందికి దిగుతుంది. కొట్టు ఫ్రీజర్‌లో మెల్లగా గడ్డకట్టేటప్పుడు నీళ్లు ముందు మంచుగా మారి, చక్కెరనీ రంగునీ పక్కకి నెట్టేస్తాయి. ఫ్యాక్టరీలో గబగబా గడ్డకట్టిస్తారు కాబట్టే అంతా సమంగా ఉంటుంది. రుచి పోతే పోయింది, అసలు భయం వేరే. ఫ్రీజర్‌లో క్రిములు చాలావరకు చావవు, పెరగడం ఆగుతుందంతే. కరిగి ఉన్నప్పుడు పెరిగినవి అలాగే ఉంటాయి. పాల ఐసైతే మరీ ప్రమాదం.

పెట్టె వెనక్కి పట్టుకెళ్తే కొట్టాయన, "కరెంటు పోయిందండీ, ఐసన్నాక కరగదా?" అన్నాడు. మాకిచ్చిన బిల్లు ఓ తెల్ల చీటీ. డబ్బులు రాలేదు.

కవరు మీద నిగనిగలాడే మామిడిపండు బొమ్మ. వెనకాల కళ్లు చిట్లించి చదివితే నీళ్లు, చక్కెర, సిట్రిక్ యాసిడ్, 412, 102, 110, 'యాడెడ్ మ్యాంగో ఫ్లేవర్'. గుజ్జు ఊసే లేదు. 412 అంటే గోరుచిక్కుడు జాతి గింజల జిగురు, ఐసు తొందరగా కారిపోకుండా వేస్తారు, దానికి కంగారు పడక్కర్లేదు. 102, 110 మాత్రం కృత్రిమ రంగులు. పరిమితిలో వేస్తే అనుమతి ఉన్నవే, కానీ పిల్లలు వరసగా నాలుగు లాగిస్తారు కదా!

పేరూ ఊరూ లేని గొట్టం ఐసు ప్యాకెట్లతో ఇంకో తంటా. కొరకబోతే పళ్లు దిగనంత గట్టిగా ఉండి, తిన్నాక నాలుక మీద చేదు మిగిలితే, పంచదార తగ్గించి శాక్రిన్ అనే కృత్రిమ తీపి కలిపారేమో అని అనుమానించాల్సిందే. పంచదార ఉంటే ఐసు అంత గట్టిపడదు.

కొనేముందు కవరు మీంచే తడిమి చూడండి. పుల్ల మధ్యలో నిటారుగా ఉండాలి, ఐసు ఆకారం చెడకూడదు. కవర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే ఆ పెట్టె వద్దనేయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు 14 అంకెలుంటుంది, అదీ చూడండి. అచ్చు బిల్లు అడిగి తీసుకోండి. నేను ఫొటోలు తీసి పెట్టుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. వాళ్లు ఏమంటారో తెలిశాక ఇక్కడే రాస్తాను.