సెల్ఫ్ వాటరింగ్ కుండీలు బానే ఉన్నాయి, పేచీ అంతా ఆ ఎర్ర పుల్లతోనే

అడుగు తొట్టెలో నీళ్లు, మధ్యలో వత్తి, ఆ వత్తి నీళ్లని పైన మట్టికి లాగుతుంది, ఈ కుండీల సంగతి అంతే కాబట్టి అది వదిలీస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది పక్క గొట్టంలో తేలుతుంటుందే ఎర్ర పుల్ల, నీళ్లు ఎంత ఉన్నాయో చూపించేది, దాని గురించి. అది అబద్ధం చెబుతుంది. కొత్తలో చెప్పదు, మొక్క బాగా వేళ్లూనుకున్నాక మొదలెడుతుంది.

ఈ మే నెలలో బెంగళూరు, మా పెద్దోడి దగ్గరికి వెళ్లాం. ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కీముందు రోజు కుండీలన్నీ నింపుతుంటే పీస్ లిల్లీ దాంట్లో పుల్ల అప్పటికే పై గీత దగ్గర ఉంది. అయినా వెళ్లేది మే నెల కదా అని ఒక గ్లాసు పోశాను, పుల్ల కదల్లేదు, సరే నిండుగానే ఉందన్నమాట అని తలుపులు వేసి వెళ్లిపోయాం. శ్రీకాకుళం ఎండ సంగతి తెలిసిందే, ఎండ కంటే ఉక్క, మూసేసిన ఇల్లు ఇంకా ఉడికిపోతుంది.

వచ్చీసరికి మిగతా మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి, లిల్లీ ఒక్కటే ఆకులన్నీ కుండీ అంచు మీదకి వాల్చేసి పడుంది, కొసలు మాడిపోయాయి. పుల్ల మాత్రం అదే పై గీత దగ్గర! లాగితే రాలేదు. మొక్కని మట్టితో సహా పైకి ఎత్తి చూస్తే వేళ్లు కింద సందుల్లోంచి గొట్టంలోకి దూరి, ఆ తేలే బెండుని జడ అల్లినట్టు చుట్టీసి పట్టుకున్నాయి. పుల్ల నిలబడింది నీళ్ల మీద కాదు, వేళ్ల మీద. అడుగు తొట్టెలో చుక్క లేదు, బోరు నీళ్ల ఉప్పు తెల్లటి చారలు మాత్రం మిగిలాయి. నాకు ఏడుపొచ్చింది, ఆ మొక్క మా అక్క ఇంటి నుంచి పిలక తెచ్చి పెంచింది.

బకెట్ నీళ్లలో కుండీని ముంచి ఉంచితే మర్నాటికి ఆకులు లేచాయి, పీస్ లిల్లీకి ఆ గుణం ఉంది, పూలు మాత్రం ఇప్పటిదాకా లేవు. అమ్మినవాళ్లకి ఫోటో పంపితే వారంటీ అయిపోయింది అన్నారు. నేనడిగింది వారంటీ కాదండీ, వేళ్లు ఇలా పట్టీస్తాయని పెట్టె మీద ఒక్క ముక్క ఎందుకు రాయలేదని.

ఇప్పుడు ఆ ఎర్ర పుల్ల తీసి పక్కన పడేశాను. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి గొట్టంలోకి దించుతాను, ఎంతవరకు తడిస్తే అంత నీరు, దానికి వేరు తగిలినా చేతికి తెలుస్తుంది, తగిలితే కత్తిరించేస్తాను. ఊరెళ్లీముందు గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టీయాలి, డెంగీ దోమకి నిలవ నీళ్లుంటే చాలు.

వత్తి గురించి మాత్రం ఒక్క చెడ్డ మాట అనను. పెట్టెతో వచ్చిన నూలుది కుళ్లిపోయింది, సింథటిక్ తాడు ముక్క పెట్టాక ఢోకా లేదు. మట్టి ఉత్త ఎర్రమట్టి అయితే గట్టిపడిపోయి నీళ్లు పైకి రావు, కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, కలపాల్సిందే, ఉద్దానం కొబ్బరితోటలు పక్కనే ఉన్న మనకి అదేమంత దొరకని వస్తువు కాదు. ఇంతకుముందు నేను చుట్టాలందరికీ "ఇంక నీళ్లు పొయ్యక్కర్లేదు" అని చెప్పాను గానీ, మా బోరు నీళ్లకి మట్టి పైన ఉప్పు తెల్లగా పొర కడుతోంది, కాబట్టి నెలకోసారైనా పైనుంచి బాగా పోసి కిందకి కారిపోనివ్వాలి.

కొనొచ్చా అంటే, మాలాగ పిల్లలు దూరంగా ఉండి వెళ్తే వారాల తరబడి ఉండిపోయేవాళ్లకి, అదీ పీస్ లిల్లీ, ఫెర్న్ లాంటి నీళ్లు ఎక్కువ కావాల్సిన మొక్కలుంటే, కొనొచ్చు. నాలుగు రోజులు వైజాగ్ వెళ్లొచ్చేవాళ్లకి దండగ, బాగా తడిపి కిటికీకి దూరంగా జరిపితే చాలు. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ అయితే అసలు వీటిలో వేయకండి, ఎప్పుడూ తడి ఉంటే అడుగు నుంచి కుళ్లుతాయి. నేనైతే ఆ గొట్టం అడుగున వేళ్లు దూరకుండా జల్లెడ ఉన్న మోడల్ కనబడేదాకా ఇంకోటి తీసుకోను, ఉన్నవి మాత్రం చీపురు పుల్లతో వాడుకుంటాను.