వెల్డింగా, బోల్టులా? గార్డెన్ ట్రాక్టర్ పనిముట్లకు ఏది మేలు

చిన్న ట్రాక్టర్ వెనక లాగే, ఇనుప పళ్లతో మట్టిని గుల్ల చేసే కల్టివేటర్‌నో, నేల చదును చేసే బ్లేడునో ఇంట్లోనే తయారుచేసుకోవాలంటే, ఫ్రేమును వెల్డింగ్ చేయాలా, బోల్టులతో బిగించాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు బోల్టులకే. డ్రిల్లింగ్ మెషీన్, రెండు స్పానర్లు ఉంటే పని అయిపోతుంది. పళ్ల మధ్య దూరం కుదరకపోతే విప్పి జరుపుకోవచ్చు, వంగిన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే ట్రాక్టర్ అదురుకి నట్లు వదులవుతాయి కాబట్టి లోపల నైలాన్ రింగు ఉండి బిగువుగా పట్టుకునే నైలాన్ లాక్ నట్లే వాడండి. రంధ్రం బోల్టు కంటే మరీ పెద్దదైతే లూజు మొదలై, పోనుపోను కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది. ఒక్క బోల్టుతో వదిలేస్తే ఆ అతుకు తిరిగిపోతుంది, కనీసం రెండు పెట్టాలి.

బరువంతా పడే హిచ్ (పనిముట్టును ట్రాక్టర్‌కు తగిలించే భాగం) దగ్గర మాత్రం మంచి వెల్డింగే నమ్మకం. కాకపోతే వేడికి ఇనుము గుంజుకుంటుంది. ముందు అక్కడక్కడ చుక్కల్లా వెల్డింగ్ పెట్టి, ఫ్రేము కర్ణాలు రెండూ కొలిచి, సమానంగా ఉంటేనే పూర్తిగా అతకాలి. జింకు పూత ఉన్న పైపునైతే పూత గీకకుండా వెల్డింగ్ చేయొద్దు. ఆ పొగ పీలిస్తే జ్వరం, చలి పట్టుకుంటాయి.

నేనైతే ఫ్రేము, హిచ్ వెల్డింగ్ చేసి, మట్టిని తాకే పళ్లు, బ్లేడ్లు బోల్టులతో బిగిస్తాను. అరిగేవి అవే కదా!