షప్ టెలిగ్రాఫ్ చెక్క కిట్: తాడు పని బాగుంది, తూకం మరిచారు

బరంపురంలో సైన్సు నమూనాలమ్మే ఓ దుకాణంలో 1,450 రూపాయలకు దొరుకుతున్న ప్లైవుడ్ కిట్ ఇది. 1794లో ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి లీల్ నగరం దాకా క్లాద్ షప్ నడిపిన టెలిగ్రాఫ్‌కు పనిచేసే నమూనా. అందులో కరెంటు లేదు, తీగ లేదు. బురుజు మీద మర చేతులు ఏ భంగిమలో ఉన్నాయో పక్క ఠాణా (తర్వాతి బురుజు) వాళ్లు దుర్భిణిలో చూసి, అదే భంగిమ పట్టి ముందుకు పంపేవారు. అసలు మరలో మధ్య దూలం 4 మీటర్ల పైచిలుకు, కొసల్లోని చేతులు సుమారు 2 మీటర్లు. కిట్‌లో అవి 22, 10 సెం.మీ.

మెచ్చుకోవాల్సింది తాడు పని. కింద బుల్లి దూలం, దాని చేతులు తిప్పితే పైన అదే భంగిమ రావాలి. అలా రావాలంటే చేతుల తాళ్లు దూలం ఇరుసు మీద ఉన్న కప్పీల గుండానే పోవాలి, కప్పీలన్నీ ఒకే కొలతలో ఉండాలి. ఈ రెండూ సరిగ్గా చేశారు. బిగించేటప్పుడు మాత్రం జాగ్రత్త. కిట్ సూచనల కాగితంలోని మూడో బొమ్మలో దారం ఎనిమిది అంకెలా మెలికపడి ఉంది. అలా వేస్తే చేయి ఎదురు తిరుగుతుంది. మెలిక లేకుండా వేయండి. కిట్‌తో ఇచ్చిన నూలు దారం మన సముద్రపు గాలికి తడిసి బిగుసుకుంటుంది, ఆరితే వదులవుతుంది. గోపాల్‌పూర్‌లో వలలు అల్లేవాళ్లు వాడే సన్నని నైలాన్ దారం మేలు. కట్టిన మర్నాడు ఒకసారి లాగి మళ్లీ బిగించాలి.

పెద్ద లోపం తూకం. షప్ మరలో ప్రతి చేతికీ వెనక ఇనప కడ్డీ, దానికి బరువు ఉండేవి. దూరానికి అవి కనపడవు, చేయి మాత్రం పెట్టినచోటే నిలుస్తుంది. కిట్‌లో అవి లేకపోవడంతో 6 గ్రాముల చేయి నెమ్మదిగా వాలి పక్క కోణంలోకి జారుతుంది. అంటే సంకేతమే మారిపోతుంది. సైకిల్ చువ్వ ముక్కను చేతికి వెనకవైపు బిగించి, ఇరుసుకు సుమారు 3 సెం.మీ. దూరంలో 8 ఎం.ఎం. నట్లు రెండు ఎక్కిస్తే సరిపోతుంది.

ఇక సంకేతాల అట్ట. ఇందులో ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలకు బొమ్మలు గీశారు. ఇది తప్పు, షప్ సంకేతాలు అక్షరాలకు కాదు, పదాలకు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు చరిత్రే తప్పుగా ఎక్కుతుంది. ఒక్కో చేతికి 45 డిగ్రీల తేడాతో 7 స్థానాలు. దూలం అడ్డంగానో నిలువుగానో నిలవాలి. 7×7×2 అంటే 98. వాటిలో ఆరు సంకేతాలు ఠాణావాళ్ల సొంత పనికి పోగా 92 మిగులుతాయి. మొదటి సంకేతం పదాల జాబితా ఉన్న పద పుస్తకంలో పుట సంఖ్య, రెండోది ఆ పుటలో వరుస సంఖ్య: 92×92, మొత్తం 8,464. మధ్య ఠాణావాళ్లకు అర్థం తెలియనక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు దించితే చాలు. అట్ట పక్కన పడేసి, 20 పుటల సొంత పద పుస్తకం రాసుకోండి.

ఇంకొకటి: చేతుల్ని దూలం ఏటవాలుగా ఉన్నప్పుడు సర్దేవారు. దూలాన్ని అడ్డానికో నిలువుకో తిప్పాకే ఆ సంకేతం లెక్కలోకి వచ్చేది. కిట్‌లో ఏటవాలు దగ్గర గాడి లేదు, ఆకురాయితో చిన్నది కోసుకోవాలి.

మన దేశంలోనూ 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కలకత్తా–చునార్ దారిలో ఇలాంటి బురుజులుండేవి. పశ్చిమ బెంగాల్‌లోని బాంకుడా, పురూలియా వైపు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కిట్ పుస్తకంలో వాటి ఊసే లేదు.

కబురు పంపాలంటే రెండు కిట్లు కొనాలి. చేతులకు నల్లరంగు వేసి, వెనక గోడ కాక ఆకాశం వచ్చేలా డాబా పిట్టగోడ మీద పెట్టండి. మామూలు కంటికి 30 మీటర్లు దాటితే కోణం పోల్చడం కష్టం. 8 రెట్ల బైనాక్యులర్‌తో 200 మీటర్ల దాకా చదవొచ్చు, అదీ ఉదయం ఎనిమిదిలోపే. ఎండెక్కితే డాబాల మీది వేడిగాలికి చేతులు వణుకుతున్నట్టు కనిపిస్తాయి.