ఎనభై పైచిలుకు పరీక్షలు, అరగంట డైటీషియన్: ఒక హెల్త్ చెకప్ ప్యాకేజీపై సమీక్ష

హైదరాబాదులో ఇప్పుడు ఏ మెట్రో స్టేషను మెట్లు దిగినా, ఏ అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కినా ‘ఫుల్ బాడీ చెకప్’ ప్రకటన ఒకటి కంటపడుతుంది. ఎనభైకి పైగా పరీక్షలు, ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకోవడం, సాయంత్రానికల్లా ఫోనులో రిపోర్టు, పైగా డైటీషియన్ సలహా ఉచితం. ఐదు వేల పైచిలుకు ధరను కొట్టివేసి పక్కన 1,999 రూపాయలని ఎర్ర అక్షరాల్లో వేస్తారు. మా ఇంటికి దగ్గరలో శాఖ ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటరు అమ్ముతున్న ఇటువంటి ప్యాకేజీనే నేనూ, మా ఆవిడా తీసుకున్నాము. యాభై దాటి, కూర్చుని చేసే ఉద్యోగంలో ఉండి, తల్లిదండ్రుల్లో ఒకరికైనా షుగరు ఉన్న మావంటివారు ఈ నగరంలో కోకొల్లలు కనుక, ఆ డబ్బుకు ఏమి దక్కిందో, ఏమి దక్కలేదో వివరంగా రాస్తున్నాను. సెంటరు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాల్లో చాలా భాగం ఆ ఒక్క సంస్థవి కావు, ఈ వ్యాపారం మొత్తానివి.

శాంపిల్ సేకరణలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పరగడుపున పన్నెండు గంటలు ఉండాలని, మంచినీళ్ళు తాగవచ్చని ముందురోజే సందేశం పంపారు. వచ్చిన అబ్బాయి కొత్త సూదిని మా ఎదుటే విప్పి, గొట్టాల మీద పేర్లు, వయసులు మాకు చూపించి మరీ అతికించాడు. రిపోర్టు చెప్పిన వేళకే వచ్చింది.

అయితే ఆ ‘ఎనభై’ అన్న లెక్క దగ్గరే మొదటి తిరకాసు ఉంది. రక్తకణాల పరీక్ష ఒక్కటే చేసినా అందులో ఇరవైకి పైగా అంకెలు వస్తాయి. వాటిలో ఒక్కొక్కటీ ఇక్కడ ఒక్కొక్క పరీక్ష. రక్తంలోని మొత్తం ప్రొటీన్ నుంచి ఆల్బుమిన్ అనే ఒక ప్రొటీన్‌ను తీసివేస్తే వచ్చే గ్లోబ్యులిన్ ఒక పరీక్ష, ఆ రెంటి నిష్పత్తి మరొక పరీక్ష. ట్రైగ్లిజరైడ్లనే రక్తంలోని కొవ్వును ఐదుతో భాగించి వేసే, కొలెస్ట్రాల్‌లో ఒక రకమైన వీఎల్‌డీఎల్ ఇంకొకటి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు తీరును చూపే పరీక్ష) నుంచి సూత్రం ప్రకారం లెక్కగట్టే సగటు గ్లూకోజు కూడా వేరే పరీక్షగానే నమోదైంది. ఇవన్నీ యంత్రం కొలిచినవి కావు, కాలిక్యులేటరు లెక్కగట్టినవి. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ, ఎనభై ఉన్న ప్యాకేజీ అరవై ఉన్నదానికంటే మేలని ఎంచుకునేవారు ఈ సంగతి తెలుసుకుని ఎంచుకోవడం మంచిది.

ఇన్ని అంకెల మధ్య బీపీ లేదు. నడుము చుట్టుకొలత లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా చేయించి 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 11.4 శాతం మందికి మధుమేహం, మరో 15.3 శాతం మందికి మధుమేహానికి ముందు దశ ఉన్నాయి. ఈ మూడింటిలో ఎక్కువమందికి ఉన్నదీ, ఏ లక్షణమూ చూపించకుండా గుండెకూ మూత్రపిండాలకూ చేటు చేసేదీ బీపీ. దానికి రక్తం అక్కరలేదు, రెండు నిమిషాల సమయం చాలు. బహుశా ఇంటికి వచ్చే అబ్బాయి సంచిలో బీపీ మిషనుకు చోటు లేకపోవడమే కారణం కావచ్చు. ప్యాకేజీని రూపొందించినవారి ఆలోచనలో మాత్రం దానికి చోటు ఉండవలసింది.

ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ మాత్రం వేశారు, నేను చెప్పిన ఎత్తూ బరువూ రాసుకుని. నాది 24.3 అని, పక్కన ఆకుపచ్చ చుక్కతో ‘నార్మల్’ అని వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ఐరోపా జనాభాకు సరిపోయే 25 అన్న హద్దును రిపోర్టులో అలాగే ఉంచేశారు. మన దేశంలో వైద్యులు పాటించే హద్దు ప్రకారం 23 దాటితే చాలు అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి, కొవ్వంతా పొట్టలోనూ కాలేయంలోనూ చేరే శరీరతత్వం మనది. అదే బరువున్న ఐరోపావాడికంటే మనకు ముందుగా షుగరు రావడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇది ఒకటి. అందువల్ల ఆ ఆకుపచ్చ చుక్క నన్ను నిశ్చింతగా ఉండమని చెప్పింది గానీ, దాని కిందనే ట్రైగ్లిజరైడ్లు 212 అనీ, హెచ్‌బీఏ1సీ 5.9 అనీ ఉన్నాయి. 150 లోపు ఉండవలసినది మొదటిది, 5.7 లోపు ఉండవలసినది రెండోది. ఈ మూడు అంకెలనూ కలిపి చదివే నాథుడు రిపోర్టులో ఎక్కడా లేడు.

ఆ పని చేసింది డైటీషియన్. ఉచితమన్నారు కనుక ఫోనులో ఐదు నిమిషాలు మాట్లాడి సరిపెడతారనుకున్నాము. సెంటరుకు వస్తే ఎదురుగా కూర్చుని మాట్లాడవచ్చని చెప్పడంతో వెళ్ళాము. మూడు పదుల వయసు కూడా లేని ఆ అమ్మాయి రిపోర్టు చూసిన వెంటనే సొరుగులోంచి టేపు తీసింది. ప్యాంటు సైజు 34 అని నేను చెప్పబోతే, “ప్యాంటు పొట్ట కింద నుంచి పోతుంది సార్, కొలత పొట్ట మీద తీయాలి” అంటూ, ఊపిరి వదలమని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టింది. 94 సెంటీమీటర్లు. మగవారికి 90, ఆడవారికి 80 దాటకూడదట. బీపీ కూడా అక్కడే, అడిగిన మీదట చూశారు.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నలే ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించాయి. “నూనె ఎక్కువ తింటారా?” అని ఎవరిని అడిగినా లేదనే చెబుతారు. ఆమె మా ఆవిడ వైపు తిరిగి, “మేడం, ఇంట్లో ఎంతమంది? నెలకు నూనె ప్యాకెట్లు ఎన్ని తెస్తారు?” అని అడిగింది. నలుగురం, ఆరు లీటర్లు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన మనిషికి రోజుకు దాదాపు 45 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రెండు వేల క్యాలరీల భోజనానికి చెప్పిన కొవ్వులు, నూనెలు 27 గ్రాములు. బయట తినే మిర్చి బజ్జీ, బిర్యానీ ఇందులో లెక్కకు రాలేదు.

ఉప్పుకూ అదే పద్ధతి. మనిషికి రోజుకు 5 గ్రాములకు మించరాదు కనుక నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. అది కూడా ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయల ద్వారా వచ్చే ఉప్పును పక్కన పెడితేనే. కూరగాయల దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులైంది. రోజుకు మనిషికి 400 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు 48 కిలోలు కావాలి, మేము రైతుబజారు నుంచి మోసుకొచ్చేది అందులో సగం కూడా ఉండదు. అన్నం మానేయమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. తిండిలోని శక్తిలో 45 శాతానికి మించి ధాన్యాల నుంచి రాకూడదని, మన ఇళ్ళలో అది చాలా ఎక్కువగా ఉంటుందని చెప్పి, కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని ఆ తరువాత మిగిలిన చోటులో అన్నం పెట్టుకోమంది. మార్పు చిన్నదే గానీ, ఇంట్లో వంట మారకుండా వడ్డన మారితే చాలునన్న ఆ మాట మా ఆవిడకు బాగా నచ్చింది. ఆఫీసులో తాగే చాయ్‌లు నాలుగు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల పంచదార అంటే రోజుకు నలభై గ్రాములని చెప్పినప్పుడు మాత్రం నాకు అంతగా నచ్చలేదు. ఉస్మానియా బిస్కట్ల ప్రస్తావన నేనే తేలేదు.

మా ఆవిడ రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 5.8 దగ్గర పసుపు చుక్క, హిమోగ్లోబిన్ 10.2 దగ్గర ఎర్ర చుక్క ఉన్నాయి. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనత ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే అవకాశముందని, ముందు రక్తహీనత సంగతి డాక్టరుకు చూపించి సరిచేసుకున్న తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోమని డైటీషియన్ చెప్పింది. భోజనం కాగానే తాగే టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని, కనీసం గంట ఎడం ఉంచమని కూడా చెప్పింది. ఎర్ర చుక్కకూ పసుపు చుక్కకూ సంబంధమున్నదని రిపోర్టు చూసి సొంతంగా ఎవరూ గ్రహించలేరు.

ఇంత బాగా మాట్లాడిన తరువాత చేతిలో పెట్టిన అచ్చు కాగితం చూస్తే నీరుగారిపోయాము. ఉదయం ఓట్సు, పదకొండు గంటలకు గ్రీన్ టీ, మధ్యాహ్నం కినోవా సలాడ్, రాత్రి బ్రోకలీ సూపు, వంటకు ఆలివ్ నూనె. ఎవరి వంటింటి కోసం రాశారో తెలియదు. జొన్నరొట్టె లేదు, రాగి సంగటి లేదు, గోంగూర లేదు, పెసరట్టు లేదు. ఆమె నోటితో చెప్పినదానికీ కాగితం మీద ఉన్నదానికీ పొంతనే లేదు. అది పైనుంచి వచ్చిన కాగితమని, అందరికీ అదే ఇస్తామని ఆమే ఒప్పుకున్నది.

రిపోర్టు వచ్చిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. విటమిన్ డి తక్కువగా ఉన్నది కనుక ఫలానా మాత్రలు, ప్రొటీన్ పొడి, ఆపైన క్యాన్సర్ జాడ చెబుతాయనే రక్తపరీక్షలతో ‘క్యాన్సర్ మార్కర్ల’ ప్యాకేజీ. ఈ చివరిది గట్టిగా చెప్పవలసిన విషయం. ఆ మార్కర్లలో ఒకటైన సీఈఏ పొగతాగేవారిలోనూ పెరుగుతుంది. మరొకటైన సీఏ-125 నెలసరి సమయంలోనూ పెరగవచ్చు. ఏ లక్షణమూ లేనివారిలో క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి ఇవి పనికిరావు, అనవసరమైన భయాన్నీ, ఆ భయంతో మరిన్ని పరీక్షలనూ మాత్రం తెచ్చిపెడతాయి. వద్దని చెప్పినా ఫోన్లు ఆగలేదు.

ఫోను చేయవలసినవారు చేయకపోవడం ఇంకా పెద్ద లోటు. తిండీ నడకా మార్చుకుంటే షుగరు ముప్పు తగ్గుతుందన్నది ఊరికే చెప్పే మాట కాదు. ముందు దశలో ఉన్నవారిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో ఆ ముప్పు 58 శాతం, మన చెన్నైలో జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో సుమారు 28 శాతం తగ్గింది. అయితే అమెరికా అధ్యయనంలో ఒక్కొక్కరికీ పదహారు విడతల శిక్షణ ఇచ్చారు, బరువులో 7 శాతం తగ్గించడం, వారానికి 150 నిమిషాల నడక వంటి లక్ష్యాలు పెట్టి వెంటపడ్డారు. ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పి పంపిస్తే ఆ ఫలితం రాదు. మాత్రలు అమ్మడానికి ఉన్న ఫోను, “సార్, నెలకు నూనె ఎన్ని లీటర్లకు వచ్చింది?” అని అడగడానికి లేకపోవడం ఈ ప్యాకేజీ తీరు ఎలాంటిదో చెబుతుంది.

మొత్తం మీద ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తాను. అందులో రెండు డైటీషియన్‌వే. నలభై దాటి పరీక్షలేవీ చేయించుకోనివారు ఈ పెద్ద ప్యాకేజీ బదులు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, రక్తకణాలు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ విడిగా చేయించుకుని, బీపీ దగ్గరి క్లినిక్‌లో చూపించుకున్నా వారికి కావలసినది చాలావరకు వస్తుంది. ప్యాకేజీయే తీసుకునేవారు డైటీషియన్‌ను ఫోనులో కాక నేరుగా కలవాలి. ఆదివారం సెంటరు కిటకిటలాడుతుంది, పని రోజుల్లో మధ్యాహ్నం మూడు తరువాత తీరికగా మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో వంట చేసేవారిని వెంటబెట్టుకుని, కిరాణా కొట్టు నెల బిల్లు చేతబట్టుకుని వెళ్ళాలి. రెండోసారి కలవాలంటే 400 రూపాయలు విడిగా కట్టాలి. మేము సంక్రాంతి దాటాక ఒక తేదీ తీసుకున్నాము, అరిసెల లెక్క కూడా అప్పుడే చెప్పవచ్చునని.